మొదటి పూట పాలు దూడవే

సభకు అధ్యక్షత వహిస్తున్న మన పాల సంఘం జనరల్ మేనేజర్ రాంప్రసాద్ గారికి, నాకు తెలియని సంగతి తెలియదని ఒప్పుకోవడం నేర్పి ఇవాళ ముఖ్య అతిథిగా వచ్చిన డాక్టర్ సుహాసిని మేడం గారికి, డైరెక్టర్లకు, ముప్పై మూడేళ్ళు నాతో పాటు పేడలో నడిచిన పశువైద్య విభాగం మిత్రులకు, తొర్రూరు వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి ఈ హనుమకొండ సుబేదారి దాకా వచ్చి వెనక వరుసల్లో సర్దుకుని కూర్చున్న మా పాలకేంద్రం ఆడవాళ్ళకు నమస్కారం. అక్కలారా, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. అవి డైరెక్టర్ సార్ల కోసం వేసినవని నాకు తెలుసు. వాళ్ళు స్టేజీ మీదున్నారు కదా, ఒక్కొక్కరికి రెండు కుర్చీలు ఎందుకు? (నవ్వులు) రండి, రండి. యాదవ్వక్కా, నువ్వు మధ్యలో కూర్చో, నీ పేరు నాలుగైదు సార్లు వస్తది.

కార్డులో భోజనాలు పన్నెండున్నరకు అని వేశారు, ఇప్పుడు ఒంటిగంట దాటింది, అందరికీ ఆకలిగా ఉందని మీ ముఖాలు చూస్తే తెలుస్తోంది. విస్తరిలో మొదట తీపి పడాలి, ఆ తీపి జున్ను కావాలని మేనేజర్ గారి ఆజ్ఞ, ఆ జున్నుకు పాలు తెచ్చే వ్యాను ఇంకా రాలేదు. వంట చేయిస్తున్న ఓంప్రకాశ్ గారు, మీకందరికీ తెలుసు, చౌరస్తాలో మిఠాయి దుకాణం వారిదే, పది నిమిషాలకోసారి తలుపు దగ్గరికొచ్చి నా వైపు చూసి పోతున్నారు. వ్యాను చెడిపోయిందని ఎవరో అంటున్నారు. వ్యాను చెడిపోలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను, అంతదాకా కాసిన్ని మంచినీళ్ళు తాగుతూ నా మాట వినండి, ఎలాగూ వేరే దారి లేదు. (నవ్వులు)

ముందుగా ఈ శాలువాకు కృతజ్ఞతలు. మాది కొత్తవాడలో మగ్గం ఉన్న ఇల్లు. మా నాన్న ఏ గుడ్డయినా కంటితో కాకుండా బొటనవేలితో చూసేవాడు, ఆ అలవాటు నాకూ ఉంది, ఇందాక మీరు కప్పుతుంటే ఒక అంచు పట్టుకుని చూశాను. క్షమించాలి, ఇది పాలిస్టరు. అందంగా ఉంది, కాని నీళ్ళు పీల్చదు, అప్పుడే పుట్టిన దూడను తుడవడానికి కూడా పనికిరాదు. (నవ్వులు) నవ్వులాట కాదు సార్, ఈ ఉద్యోగంలో నా చేతికి అందిన గుడ్డ ఏదైనా నేను చూసేది అదొక్కటే. నా పెళ్ళినాటి తువ్వాళ్ళు రెండూ మా కేంద్రంలో పాలు పోసే గట్టయ్య కొట్టంలోనే, దూడలను తుడిచి తుడిచి పోయాయి.

మగ్గం ఇంటి పిల్లకు బర్రెల దగ్గర పనేమిటని అందరూ అడిగారు. ఉద్యోగం వచ్చింది, చేరాను, అంతే. మొదటి రోజు బర్రె తోక విసిరితే కేంద్రం గోడ ఎక్కి కూర్చున్నాను, దించడానికి ఇద్దరు రావలసి వచ్చింది. ఆ తర్వాత ఏడాదిలోపే నన్ను ఊళ్ళో 'డాక్టరమ్మ' అనడం మొదలుపెట్టారు. నేను డాక్టర్‌ను కాదు, పశువైద్య సహాయకురాలిని, సూదులు వేస్తాను, రిజిస్టరు రాస్తాను, అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళు వినలేదు. చివరికి రాంప్రసాద్ గారు కూడా 'మీరు డాక్టర్ కాదు' అని మెమోలో రాసి సంతకం పెట్టి పంపారు. దాన్ని తీసుకెళ్ళి యాదవ్వక్కకు చదివి వినిపిస్తే, 'గీ ముచ్చట రాసెతందుకు గంత పెద్ద కాగితం ఎందుకు డాక్టరమ్మ?' అంది. (నవ్వులు, చప్పట్లు)

మెమోల దగ్గరికి వస్తాను. ముందు జున్ను గురించి చెప్పాలి.

మన దగ్గర బర్రె ఈనితే జున్ను పాలు పంచుకోవడం మర్యాద. పక్కింటికి ఒక గిన్నె, వియ్యాలవారింటికి ఒక గిన్నె, మందిచ్చిన డాక్టరుకు ఒక గిన్నె. ఇందులో తప్పు లేదు. మా ఇంట్లో బర్రెలు లేకపోయినా చిన్నప్పుడు ఎవరో ఒకరు పంపిన జున్ను బెల్లంతో, మిరియంతో, యాలక్కాయతో ఆవిరికి ఉడికి గిన్నెలో వణుకుతుంటే, ఆ గిన్నె చుట్టూ మేం ఐదుగురం కూర్చునేవాళ్ళం. నాకు జున్నంటే ఇష్టం. ఈ మాట ఇవాళ రికార్డులో ఉండాలి, ఎందుకంటే తొమ్మిదేళ్ళుగా నన్ను జున్ను విరోధి అంటున్నారు.

తొమ్మిదేళ్ళ కిందట మన సంఘం సభ్యులకు బర్రెలు ఇచ్చింది. హర్యానా నుంచి లారీల్లో వచ్చాయి, మంచి జాతి, నల్లగా నిగనిగలాడుతూ, కొమ్ములు చుట్ట చుట్టుకుని. అన్నీ నిండు చూలుతో ఉన్నాయి, దిగిన వారం పది రోజుల్లో ఈనడం మొదలుపెట్టాయి. బర్రె ఇచ్చింది సంఘం, కాబట్టి మర్యాదగా మొదటి జున్ను పాలు సంఘం సార్ల ఇళ్ళకు పోవాలని ఎవరు అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆజ్ఞ కాగితం మీద లేదు. అందరూ అనుకున్నారు, అందరం చేశాం. ఆ పాల గిన్నెలు మోసుకెళ్ళింది ఎవరు? నేనే. నా స్కూటీ ముందు అడుగున గిన్నె, మూత జారకుండా రెండు పాదాల మధ్య నొక్కిపట్టి, తొర్రూరు నుంచి హనుమకొండ దాకా. ఒక చుక్క కింద పడనిచ్చేదాన్ని కాదు. అంత శ్రద్ధగా చేశాను.

మూడో రోజో నాలుగో రోజో దూడలు పారడం మొదలుపెట్టాయి. తెల్లగా, నీళ్ళలాగా. కళ్ళు లోపలికి పోయేవి. పుట్టిన పందొమ్మిదింటిలో నెల తిరిగేలోపు పదకొండు పోయాయి. కొత్త మేత తల్లులకు పడలేదన్నారు, ప్రయాణం బడలిక అన్నారు, జాతి దూడ సున్నితం అన్నారు. రిజిస్టరులో చావుకు కారణం రాయవలసిన గడిలో 'పుట్టుకతో బలహీనం' అని రాయమన్నారు. మొదటి నాలుగు దూడలకు నేను అలాగే రాశాను. నా దస్తూరీయే, ఇప్పుడు తీసి చూసుకోవచ్చు.

ఐదోది గట్టయ్య ఇంటి దూడ. ఆడదూడ. నేను వెళ్ళేసరికి పక్కకి ఒరిగి పడి ఉంది. పాలు పట్టి చూద్దామని నోట్లో వేలు పెట్టాను. దూడ నోరు వెచ్చగా ఉంటుంది, వేలు పెడితే గట్టిగా లాగుతుంది, ఇక్కడ ఉన్న అక్కలందరికీ తెలుసు. దాని నోరు చల్లగా ఉంది. అయినా రెండుసార్లు లాగింది. గట్టయ్య నా పక్కనే గొంతుకూచుని, 'డాక్టరమ్మ, మొన్న నువ్వు సారుకు కొంచవోయిన పాలు మంచిగనే ఉండెనా?' అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు. తన బర్రె పాలు పెద్దవాళ్ళకు నచ్చాయో లేదోనని అమాయకంగా అడిగాడు. నాకు సిగ్గేసింది. ఇప్పటికీ సిగ్గే.

సరే. అదే వారం యాదవ్వక్క ఇంటికి గిన్నె కోసం వెళ్ళాను. ఆమెకు ఒక ముసలి నాటు బర్రె ఉంది, అది కూడా అప్పుడే ఈనింది. సంఘం ఇచ్చిన కొత్త బర్రె తన దూడను దగ్గరికి రానివ్వకుండా తన్నుతోంది, పాలు చేపడం లేదు. ఈమె ముసలిదాని మొదటి పూట పాలు పిండి రెండు దూడలకూ సీసాతో పడుతోంది. నేను గిన్నె చేత్తో పట్టుకుని, సార్ల ఇంటికి పంపాలి కదా అక్కా, అన్నాను. ఆమె అన్న మాట యథాతథంగా చెబుతాను, సభ్యత కోసం ఒక్క ముక్క మాత్రం తీసేస్తున్నాను. (నవ్వులు) 'బర్రె మీరిచ్చిండ్రు, కాదంటలేను. గని ఏ బర్రెయినా పాలు దుడ్డె కోసం చేపుతది, మీ సారు కోసం చేపదు. దీని మూతి కాడియి గుంజుకపోయి పెద్దోళ్ళకు పెడ్తనా? నీ గిన్నె నువ్వు తీస్కొని పో.'

ఖాళీ గిన్నెతో తిరిగొచ్చాను. ఆ వాడలో ఆ నెల పుట్టిన దూడల్లో ఒక్కసారి కూడా పారకుండా బతికినవి యాదవ్వక్క దూడలు రెండే. లెక్కలు రాని మనిషికైనా అది కనబడుతుంది.

నేను ఫోను చేసింది అప్పటికి పశువైద్య కళాశాలలో పాఠాలు చెబుతున్న సుహాసిని మేడం గారికి. ఎప్పుడో ఒక శిక్షణలో ఆమె నంబరు రాసుకున్నాను. ఆదివారం అని కూడా చూడకుండా మందుల పెట్టె లాంటి ఒక పెట్టెతో బస్సు దిగారు. దూడల మెడ దగ్గర నుంచి రక్తం తీశారు, తల్లులది తీశారు, మా కొట్టాల్లోని పేడ కూడా డబ్బాల్లో పట్టుకెళ్ళారు. పేడ డబ్బా పట్టుకుని బస్సులో కూర్చుంటే పక్క సీటు ఖాళీగా ఉంటుందని, కాళ్ళు చాపుకోవచ్చని మేడం గారే చెప్పారు. (నవ్వులు)

తర్వాత ఆమె మా కేంద్రం అరుగు మీద కూర్చుని చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను, తప్పుంటే దిద్దండి మేడం. బర్రె కావచ్చు, కుక్క కావచ్చు, ఇక్కడ కూర్చున్న మనం కావచ్చు, పాలిచ్చి పెంచే ప్రతి జీవి పేగుల్లో కోట్లకొద్దీ బ్యాక్టీరియా ఉంటుంది. ఎక్కువ భాగం హాని చేయనిదే. రోగం రాకపోయినా, టీకా వేయకపోయినా, ఒళ్ళు వాటిని నిత్యం గమనిస్తూ వాటిని పట్టుకునే యాంటీబాడీలను తయారు చేస్తూనే ఉంటుంది. ఎవరూ సూది వేయకుండా వచ్చేవి కాబట్టి వీటిని సహజ యాంటీబాడీలు అంటారట. సాధు బ్యాక్టీరియాను చూసి తయారైన ఈ యాంటీబాడీలే, దానికి పోలిక ఉన్న దుష్ట బ్యాక్టీరియా వచ్చినప్పుడు దాన్ని కూడా పట్టుకుంటాయి. తల్లి తన బతుకంతా ఆ కొట్టంలో, ఆ పేడలో, ఆ నీళ్ళలో ఉండి సంపాదించినది ఇదంతా.

మనుషుల్లో ఇందులో కొంత కడుపులో ఉండగానే బిడ్డకు చేరుతుంది. బర్రెకు ఆ సౌకర్యం లేదు. గర్భంలో ఉండగా దూడకు తల్లి రక్తం నుంచి యాంటీబాడీలు చేరవు, అది ఉత్త చేతులతో పుడుతుంది. తల్లి ఇవ్వవలసినదంతా మొదటి పూట పాలలో పెడుతుంది. ఆ పాలు పసుపు పచ్చగా చిక్కగా ఉండేది మన జున్ను గట్టిగా గడ్డకట్టాలని కాదు. పైగా దూడ పేగు ఆ యాంటీబాడీలను విరగకుండా లోపలికి రానిచ్చేది పుట్టిన మొదటి కొన్ని గంటలే. గంట గంటకూ ఆ తలుపు మూసుకుంటూ వస్తుంది, ఒక రోజు దాటితే ఇక తెరుచుకోదు. రేపు పోస్తాం లెండి అంటే కుదరదు.

ఇంకొక సంగతి. మేడం గారు మా పేడలోంచి తీసిన బ్యాక్టీరియా మీద ఒక పక్క హర్యానా బర్రె రక్తపు నీరు, అంటే సీరం, ఇంకో పక్క యాదవ్వక్క ముసలి బర్రె రక్తపు నీరు వేసి చూశారు. ముసలిదాని యాంటీబాడీలు ఆ బ్యాక్టీరియాను గట్టిగా పట్టుకున్నాయి. కొత్తదానివి అంతగా పట్టుకోలేదు. అది మంచి బర్రె కాదని కాదు. దాని ఒళ్ళు నేర్చుకున్నది హర్యానా కొట్టంలోని బ్యాక్టీరియాను. మన కొట్టంతో పరిచయం కావడానికి కొన్ని వారాలు పడుతుంది, మనం దానికి పది రోజులకు మించి ఇవ్వలేదు. తల్లి దగ్గర ఉన్నదే కొంచెం, ఆ కొంచెం కూడా నేను స్కూటీ మీద పెట్టుకుని హనుమకొండకు తెచ్చాను.

ఆ రోజు నుంచి ఆ గడిలో నేను 'పుట్టుకతో బలహీనం' అని రాయలేదు. 'మొదటి పూట పాలు తాగలేదు' అని రాశాను. అప్పటిదాకా ఖాళీగా వదిలిన ఐదో దూడ గడి నుంచి పదకొండో దాని దాకా. పాలు ఎటు పోయాయో కూడా పక్కన రాశాను, ఎవరింటికో, ఏ తారీఖునో, తెచ్చింది నేనేనని కూడా రాశాను.

అప్పుడు మొదటి మెమో వచ్చింది. మూడింటినీ లామినేషన్ చేయించి సంచీలో పెట్టుకుని తిరుగుతున్నాను, ఇవిగో. (మెమోలు పైకెత్తి చూపి) మొదటిది, నేను డాక్టర్ కానని. రెండోది, 'ఉన్నతాధికారుల అభిప్రాయానికి భిన్నంగా చావుకు కారణం నమోదు చేసినందుకు'. మూడోది, 'అనుమతి లేని పరికరాన్ని కార్యాలయ ఆవరణలో ఉంచినందుకు'. రాంప్రసాద్ గారు నన్ను ఆఫీసుకు పిలిచి కుర్చీ వేసి టీ ఇప్పించి మరీ అడిగారు, 'మేడం, రిజిస్టర్ల మీరు గిట్ల రాస్తే పైనోళ్ళకు నేనేం జవాబు జెప్పాలె?' అని. అది రిజిస్టరులో రాసే ఉంది సార్, చదివి వినిపించండి, అన్నాను. టీ బాగుంది. (నవ్వులు)

సార్ ఇబ్బందిగా కదులుతున్నారు. ఆయన చెడ్డవారని నేను అనడం లేదు. మా అమ్మకు పక్షవాతం వచ్చిన రోజు ఆఫీసు జీపు తానే నడిపి దవాఖానకు చేర్చారు, మందులు వచ్చేదాకా వరండాలో నిలబడ్డారు. అది నేను మరచిపోను. కానీ సార్, మంచివారు కదా అని పదకొండు దూడల మాట ఊరుకోలేను. నాకు కోపం మీ ఒక్కరి మీద కాదు. కొంత మీ మీదే, కొంత నా పాదాల మధ్య ఉన్న ఆ గిన్నె మీద.

ఇక ఆ అనుమతి లేని పరికరం. అది ఒక డీప్ ఫ్రీజర్, ఐస్‌క్రీం వాళ్ళు తీసేస్తుంటే మా ఆడవాళ్ళు తలా ఇంత వేసుకుని తెచ్చి కేంద్రంలో పెట్టారు. ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉన్న నాటు బర్రె ఈనితే, దాని దూడ కడుపునిండా తాగాక ఇంకా పాలుంటే, ఒక సీసా తెచ్చి అందులో పెడతారు. ఎవరి కొట్టంలోనైనా తల్లి తన్నినా, పాలు రాకపోయినా, కొత్తగా కొన్న బర్రె ఈనినా, ఆ సీసా తీసి గోరువెచ్చని నీళ్ళలో కరిగించి దూడకు పడతారు. మరీ వేడి నీళ్ళలో పెడితే యాంటీబాడీలు చెడిపోతాయి, ఆ తప్పు మేం ఒకసారి చేశాం, రిజిస్టరులో అది కూడా ఉంది. పోయిన ఏడాది మా కేంద్రం కింద నలభై మూడు దూడలు పుట్టాయి, రెండు పోయాయి. ఆ రెండూ ఎందుకు పోయాయో రాశాను. ఒక్కదానికి కూడా పుట్టుకతో బలహీనం అని రాయలేదు.

(అధ్యక్షుల నుంచి ఒక చీటీ అందుతుంది) ఇప్పుడే సార్ చీటీ పంపారు. 'ఆలస్యమవుతోంది, ముగించగలరు.' ఇది నాలుగో మెమో. ఇది కూడా లామినేషన్ చేయిస్తాను. (నవ్వులు, చాలాసేపు చప్పట్లు) ముగిస్తాను సార్. అసలు మాట ఇంకా మిగిలి ఉంది.

మన సంఘం ఈ సుబేదారిలో జున్ను కౌంటరు పెట్టింది, బాగా నడుస్తోంది, సంతోషం. రామప్పకు వచ్చే యాత్రికుల కోసం పాలంపేట దారిలో రెండోది పెడుతున్నారు, అదీ సంతోషమే. దాని కోసం పోయిన నెల సర్క్యులర్ వచ్చింది. ఇక మీదట సభ్యులు బర్రె ఈనిన రెండు గంటల్లోపు మొదటి పూట పాలు కేంద్రానికి అప్పగించాలి. మా కేంద్రంలో ఉన్న ఫ్రీజర్‌ను రేపు, అంటే నేను ఉద్యోగంలో లేని మొదటి రోజున, పాలంపేటకు తరలించాలి.

నేను బోర్డుకు రాసి పంపాను. మొదటి పూట పాలు దూడకు వదిలేయండి, రెండో పూట నుంచి మూడో రోజు దాకా వచ్చేవి మీరు తీసుకోండి, అవి కూడా గడ్డకడతాయి, అన్నాను. కుదరదన్నారు. ఎందుకో, కౌంటరుకు జున్ను వండిపెట్టే ఓంప్రకాశ్ గారే నాకు చెప్పారు, ఆయన దాచుకునే మనిషి కాదు. 'మొదటి పూటయి అయితే ఒకటికి మూడు మామూలు పాలు కలిపినా గట్టిగ కూసుంటది మేడం, మూడో పూటయి గట్ల కూసోదు.' అదీ సంగతి. దూడ బతకడానికి తల్లి చిక్కగా ఇచ్చింది, మనం ఆ చిక్కదనాన్ని సాగదీసి కప్పుల్లో పోస్తున్నాం.

ముప్పై మూడేళ్ళ ఉద్యోగం చివరి రోజున నేను ఇక్కడ అందరి ముందు ఒక మాట చెప్పదలచుకున్నాను. ఆ సర్క్యులర్‌ను మా కేంద్రం పాటించదు. నేను పాటించవద్దని చెప్పాను. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, నోటితోనే, కాగితం పెట్టకుండా. ఆ మాత్రం మీ దగ్గరే నేర్చుకున్నాను సార్. (నవ్వులు)

ఇదిగో ఫ్రీజర్ తాళంచెవి. అధ్యక్షుల వారికి సభాముఖంగా అప్పగిస్తున్నాను. (తాళంచెవి అందజేస్తుంది) రేపు నిరభ్యంతరంగా తీసుకెళ్ళండి, శుభ్రంగా కడిగి తుడిచాను, మోటారు బాగానే ఉంది. లోపల ఏమీ లేదు. అందులో నిన్న సాయంత్రం దాకా ముప్పై ఎనిమిది సీసాలు ఉన్నాయి. ఇప్పుడవి ముప్పై ఎనిమిది ఇళ్ళలో, ఫ్రిజ్‌లో పైన మంచు గడ్డకట్టే అరలో, చింతపండు డబ్బాల పక్కన ఉన్నాయి. ఎవరెవరి ఇళ్ళలోనో నేను చెప్పను. ఎవరి కొట్టంలో దూడ పుట్టినా ఎవరి తలుపు తట్టాలో వాళ్ళకు తెలుసు, మొన్న యాదవ్వక్క వాట్సాప్ గ్రూపు కూడా పెట్టించింది. నా మీద చర్య తీసుకుందామంటే సాయంత్రం ఐదింటి దాకా సమయం ఉంది. ఆ తర్వాత నేను మీ ఉద్యోగిని కాను, వాళ్ళు ఎప్పుడూ మీ ఉద్యోగులు కారు, వాళ్ళు ఈ సంఘానికి యజమానులు. వెనక వరుసల్లో కూర్చుంటారు కాబట్టి మరచిపోతుంటాం. (చప్పట్లు)

నాకు భయం లేదని కాదు. రేపటి నుంచి ఆ కొట్టాల్లోకి నేను ఏ హోదాలోనూ వెళ్ళలేను. నా తర్వాత వచ్చే పిల్లకు ఎవరో ఒకరు గిన్నె ఇచ్చి స్కూటీ ఎక్కిస్తారు, ఆ పిల్ల కూడా నాలాగే శ్రద్ధగా, ఒక్క చుక్క పడకుండా తెస్తుంది. అమ్మా, నీ పేరేమిటో నాకింకా తెలియదు, నువ్వెక్కడున్నా విను. ఎవరైనా గిన్నె ఇస్తే దూడ తాగిందా అని అడుగు. అది అడగడానికి డాక్టరు కానక్కరలేదు.

ఇప్పుడు వ్యాను సంగతి. గట్టయ్య బర్రె ఇవాళో రేపో ఈనుతుందని తెలుసు కాబట్టి, ఈ భోజనాలకు మొదటి పూట పాలు అక్కడినుంచే తేవాలని ఆఫీసు నుంచి నిన్ననే ఫోను పోయింది. అవును, అదే గట్టయ్య. బర్రె పొద్దున ఎనిమిదింటికి ఈనింది. వ్యాను నడిపే ఎల్లస్వామికి నేనూ ఒక ఫోను చేశాను. దూడ లేచి నిలబడి రెండు లీటర్లు తాగేదాకా క్యాను ముట్టుకోవద్దు, ఎవరు ఫోను చేసినా టైరు పంచరు అని చెప్పు, అన్నాను. కాబట్టి మీరంతా ఈ గంటసేపు ఆకలితో కూర్చున్నది నా వల్లే. సార్, మీరు కూడా. (నవ్వులు) పదింటికి నేనీ స్టేజీ ఎక్కేముందు అడిగితే అది ఇంకా లేవలేదు, తల్లి నాకుతోంది, అన్నాడు. ఆ తర్వాత మీరు ఫోన్లు ఆపేయమన్నారు. మీ పొగడ్తలన్నీ నేను సగం చెవితోనే విన్నాను, మిగతా సగం ఆ కొట్టంలో ఉంది, మన్నించాలి.

(హాలు తలుపు వైపు చూసి) అడుగో, వచ్చాడు. ఎల్లస్వామీ, క్యాను అక్కడ పెట్టు, లోపలికి రా. ఓంప్రకాశ్ భాయ్, జర ఆగు, క్యాను మీద చెయ్యి వేయకు, ముందు అతన్ని చెప్పనీ. ఎల్లస్వామీ, దుడ్డె తాగిందా?

(తలుపు దగ్గర నుంచి ఎల్లస్వామి: 'తాగింది మేడం. రెండు లీటర్లు కతం జేసి ఇంకా సీసను గుంజుతాంది. ఆడ దుడ్డె. గట్టయ్య మీకు చెప్పుమన్నడు, నోరు వెచ్చగున్నదట.')

(మెమోలు సంచీలో పెట్టుకుని)

విన్నారు కదా. ఆ క్యానులో ఉన్నది దూడ తాగగా మిగిలినది. ఓంప్రకాశ్ భాయ్, పల్చగా వచ్చినా సరే, అదే ఉడికించు, చివర్లో వడ్డిద్దాం. ఈలోపు అన్నం పెట్టించు, జనం ఆకలి మీదున్నారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఇవాళ నేనూ ఒక కప్పు జున్ను తింటాను, యాదవ్వక్క పక్కన కూర్చుని.

శాలువా కప్పిన పెద్దలకు, మెమోలు ఇచ్చిన చేతులకు, ఖాళీ గిన్నెతో నన్ను వెనక్కి పంపిన అక్కకు కృతజ్ఞతలు. ఇక సెలవు.